ఎర్రచుక్క వెంట నడిచిన రాత్రి

అటవీశాఖలో పనిచేసి రిటైరైన మనిషి జ్ఞాపకాలు రాస్తున్నాడంటే అందులో ఒక పులైనా ఉండాలని చదివేవాళ్ళు ఆశపడతారు. ముందే చెప్పేస్తున్నాను. ముప్పై ఏళ్ళు దాటిన నా నౌకరీలో పులి నన్ను చూసి ఉండొచ్చు గాని, నేను పులిని చూడలేదు. పులి కోతలు కోసేవాళ్ళు మా శాఖలో చాలామంది ఉన్నారు, వాళ్ళనడగండి.

నన్ను అడిగింది వేరే సంగతి. ఈ మధ్య కొత్తగా చేరిన పిల్లలు ఇద్దరు ఫోన్ చేసి, "సార్, మీకు రాత్రిపూట చుక్కలు చూసి తొవ్వ పట్టుడు వచ్చంట గద, మాకు రాసియ్యండి" అన్నారు. ఆ మాట ఎవరు పుట్టించారో తెలియదు. నాకు రాదు. వచ్చని ఒకప్పుడు అనుకున్నాను. నేను అలా అనుకున్నందుకు ఒక మనిషి చచ్చిపోయాడు. రాయాల్సింది ఏదైనా ఉంటే అదే.

మాది మోత్కూర్‌లో మగ్గాల ఇల్లు. మా బాపు చీర నేసేముందు డిజైనంతా గళ్ళ కాగితం మీద గీసుకునేవాడు. కాగితం మీద ఎక్కిందంటే ఇక పోగు తప్పేది కాదు. నాకు మగ్గం అబ్బలేదు గాని, ఆ కాగితం నమ్మకం మాత్రం అబ్బింది. నౌకరీలో చేరాక డైరీ రాయడంలో నన్ను మించినవాడు లేడని పేరు తెచ్చుకున్నాను. నర్సరీలో ఎన్ని మొక్కలు బతికాయి, డిపోలో ఎన్ని దుంగలు ఉన్నాయి, ఏ రోజు ఎవరు రాలేదు, అన్నీ నా డైరీలో ఉండేవి. సర్వీసులో ముప్పాతిక వంతు నల్లగొండ జిల్లాలో నర్సరీలు, డిపోలు, ఆఫీసు బల్లల మధ్యే గడిచింది. అసలు అడవి అంటే ఏమిటో తెలియకుండానే అడవి ఉద్యోగం చేశాను. ఇది మీకు నవ్వులాటగా ఉండొచ్చు, మా కాలంలో అలాంటివాళ్ళం చాలామందిమి ఉండేవాళ్ళం.

తెలంగాణ వచ్చి, జిల్లాలు ముక్కలై, అమ్రాబాద్ మహబూబ్‌నగర్ నుంచి విడిపోయి నాగర్‌కర్నూల్‌లో కలిసిన కొత్తలో నాకు ప్రమోషన్ ఇచ్చి నల్లమలకు వేశారు. రిటైర్ కావడానికి ఇంకా ఏడాదిన్నర కూడా లేదు. పండుటాకును తెచ్చి చెట్టుకు అతికించినట్టుందని మా ఆవిడ అంది.

అడవి లోపల ఒక బేస్ క్యాంపు. రేకుల గది, నీళ్ళ డ్రమ్ము, కరెంటుకు ఒక సోలార్ పలక. అక్కడ వాచర్లు ముగ్గురు ఉండేవారు. నేను వారంలో నాలుగు రోజులు అక్కడ ఉండాలి. వాచర్లలో ఇద్దరు మైదానం నుంచి వచ్చినవాళ్ళు. ఒకతను మక్తల్ వైపు నుంచి వచ్చిన నలభై ఏళ్ళ సాయిబు. కుట్టుమిషన్ దుకాణం నడవక ఈ పనికి వచ్చాడు. రెండో అతను అచ్చంపేట దగ్గరి పల్లెవాడు, బలమైన మనిషి, మాట తక్కువ. మూడో అతను చెంచు. వయసు అరవైకి అటో ఇటో, తనకే తెలియదు. ఆయన పెంట, అంటే చెంచుల ఊరు, క్యాంపుకు ఆగ్నేయంగా మూడు గంటల నడక. ఆ పెంట పక్కనుంచే రోడ్డు పోతుంది, జీపు అక్కడిదాకా వస్తుంది. మధ్యలో ఒక పెద్ద గడ్డిబీడు, అది దాటాక ఒక వాగు. ఈ దారి గుర్తుపెట్టుకోండి, ఇంతకంటే మరేమీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

నేను ఆయన్ని మొదట్లో "ఏమయ్యా" అని పిలిచేవాణ్ణి. ఆఫీసర్లు పిలిచే తీరు అది. ఆయన నన్ను చూసి పెద్దగా భయపడలేదు. మొదటి రోజే నా బూట్లు చూసి, "గీ బూట్లతోని నువ్వొస్తుంటే అడవంతా ముందే లేసి పక్కకు జరుగుతది సారు" అన్నాడు. నాకు కోపం వచ్చింది. అది నిజం కావడం వల్ల ఇంకా ఎక్కువ వచ్చింది.

ఎండాకాలం వచ్చింది. ఎండాకాలంలో మా పనంతా మంటల మీదే. ఎక్కడో ఒక బీడీ ముక్క పడితే కొండ కొండంతా తగలబడిపోతుంది. రాత్రి క్యాంపు వెనక బండ మీద కూర్చుని నాలుగు దిక్కులా చూస్తూ ఉండాలి. ఎర్రగా కనపడితే ఏ వైపో చెప్పాలి. చీకట్లో ఏ వైపని చెప్పడం ఎట్లా? నాకు ఏ కొండైనా ఒకటే నల్లగా ఉండేది. ఆయన మాత్రం క్షణంలో చెప్పేవాడు. "గదిగో, కోడి దిగినకాడ." "మంచం కాలు కింద."

అలా మొదలైంది నా చదువు. ఏప్రిల్ చివరి రెండు వారాలు, రోజూ రాత్రి అదే బండ, అదే వేళ. పడమట దిగిపోతున్న గుంపు పిల్లలకోడి. మా అవ్వ కూడా ఆ పేరే చెప్పేది గాని నేనెప్పుడూ తలెత్తి చూడలేదు. ఉత్తరాన ఏడు చుక్కలు ముసలవ్వ మంచం. నాలుగు కాళ్ళ మంచాన్ని ముగ్గురు దొంగలు లాక్కుపోతుంటారు. "ముసల్ది లేస్తదేమోనని ఎనకకు సూసుకుంట పోతరు సారు, గందుకే తెల్లారినా గమ్యం చేరరు" అని ఆయన నవ్వాడు. మంచం పట్టె చూపించిన వైపు, కొండకు ఆనుకుని ధ్రువుడు. మా దగ్గర అది బాగా కిందికి ఉంటుంది, చెట్లు కొంచెం పెరిగినా కనపడదు. ఆగ్నేయాన రాత్రి పెరిగేకొద్దీ పైకెక్కే తేలు, దాని గుండెలో ఎర్రగా వెలిగే చుక్క.

యాభై ఏడేళ్ళ వయసులో నాకు ఆకాశం దొరికింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నా సర్వీసు మొత్తంలో సంతోషంగా ఉన్నది ఆ పదిహేను రోజులే. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు భోజనానికి పిలిచినా బండ దిగేవాణ్ణి కాదు. ఇంటికి ఫోన్ చేసి పిల్లలకోడి సంగతి చెబితే మా ఆవిడ, "మంచిగున్నవా, జరం గిట్ల రాలేదు గద?" అని అడిగింది.

ఒక రాత్రి ఆయన్ని అడిగాను.

"మీ పెంట ఏ చుక్క కింద ఉంటదయ్యా?"

ఆయన నన్ను విచిత్రంగా చూశాడు. "ఏ యాళ్లకు సారు?"

గడియారం చూశాను. "పదకొండుకు."

ఆయన ఆకాశం వైపు చూడకుండానే చెప్పాడు. "ఇయ్యాల పదకొండుకైతే గా ఎర్రచుక్క కింద."

నేను టార్చి వెలుగులో డైరీ తీసి రాసుకున్నాను: రాత్రి 11 గంటలకు ఎర్రచుక్క పెంట మీద ఉండును. కింద గీత కూడా గీశాను. ఆయన నా భుజం మీదుగా చూశాడు, చదువు రాదు కాబట్టి గీతనే చూశాడు. "రాసుకుంటున్నవా? చుక్కను రాసుకుంటె నిలవడతదా సారు? అది నడుస్తది. చుక్క పొద్దెంతైందో చెప్తది గాని తొవ్వ చెప్పదు. తొవ్వ నేలకెరుక."

నేను తల ఊపాను. డైరీలో అన్నీ రాశాను, "ఇయ్యాల" అన్న మాట తప్ప.

మే మొదట్లో ఒకరోజు అదే పదకొండు గంటలకు ఎర్రచుక్క నేను రాసుకున్న దానికంటే కాస్త పైకి, కాస్త కుడికి ఉన్నట్టు అనిపించింది. బండ మీద మామూలుగా కూర్చునే చోట కాకుండా పక్కకు కూర్చున్నానేమో అనుకున్నాను. నా డైరీ తప్పై ఉంటుందని మాత్రం అనుకోలేదు. తరువాత వానలు మొదలయ్యాయి, మంటల కావలి ఆగిపోయింది. బండ మీదికి ఎక్కే పని లేకపోయింది.

జూలై ఆఖరు. మూడు రోజులు ఒకటే ముసురు పట్టి ఆ రోజు సాయంత్రానికి తెరిపిచ్చింది. పొయ్యికి ఎండుపుల్లలు వెతకడానికి పోయిన మా చెంచు పెద్దాయన మెల్లగా నడుచుకుంటూ వచ్చి గది ముందు కూర్చున్నాడు. చీలమండ పైన రెండు గాట్లు.

"రక్తపింజర" అన్నాడు. అంతే.

మాకు చేతులూ కాళ్ళూ ఆడలేదు. ఆయనే ఏదో ఆకు నమిలాడు, ఏదో వేరు అరగదీసి రాయించుకున్నాడు. "ఏం గాదు, ఊకోండ్రి" అన్నాడు. గంటలో కాలు మోకాలి దాకా ఉబ్బింది. పళ్ళ సందుల నుంచి రక్తం కారడం మొదలైంది. అప్పుడు దవాఖానకు తీసుకుపోవాలన్నాను. ఆయన వద్దన్నాడు. నేను అరిచాను. ఆ గంట కూడా నా లెక్కలోదే, ఎందుకంటే మొదటి నిమిషంలోనే నేను అరవాల్సింది.

వాకీటాకీ మా క్యాంపు దగ్గర పలకదు. ఫోన్‌లో దారి చూపే యాప్ ఉంది, మూడు రోజుల మబ్బుకు సోలార్ పలక పనిచేయక ఫోన్లన్నీ చచ్చి ఉన్నాయి. దిక్సూచి ఉంది, రేంజ్ ఆఫీసు బీరువాలో. స్టాకు రిజిస్టర్‌లో నేనే నా చేత్తో ఎక్కించాను. మా దగ్గర ఉన్నది రెండు టార్చీలు, ఒక దుప్పటి, వెదురు బొంగులు. దుప్పటిని డోలీ కట్టి ఆయన్ని పడుకోబెట్టి, వాళ్ళిద్దరూ ఎత్తుకున్నారు. నేను ముందు నడిచాను. దారి తెలిసిన ఒక్క మనిషి డోలీలో ఉన్నాడు.

గడ్డిబీడు వరకు బాట ఉంది. వెదురు విరిగి అడ్డం పడి, బురదలో జారుతూ, మాటిమాటికీ ఆగుతూ, భుజాలు మార్చుకుంటూ చేరేసరికి పదకొండు కావచ్చింది. బీడులో గడ్డి నడుం దాకా పెరిగి ఉంది. ఎండాకాలంలో తెల్లగా గీత గీసినట్టు కనపడే బాట అసలు లేదు. కణుజులు, అడవిపందులు తొక్కిన దారులు అన్నివైపులకూ ఉన్నాయి. పెంటకు పోయేది ఏది?

డోలీ దించారు. ఉత్తరమంతా మబ్బు. మంచం లేదు, ధ్రువుడు లేడు. దక్షిణం వైపు మాత్రం మబ్బు విచ్చి కాస్త ఆకాశం కనపడింది. అందులో ఎర్రచుక్క.

నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఇప్పుడు ఆ సంతోషమే నన్ను పీడిస్తుంది. డైరీ నా సంచిలో ఉంది, తీసి చూడనక్కర్లేదు. గీత గీసిన వాక్యం కళ్ళముందు ఉంది. టైమ్ పదకొండు. తేలు నిలువునా ఉంది, తోకతో సహా. ఏప్రిల్‌లో నేను చూసినప్పుడు తోక ఇంకా కొండ కిందే ఉండేది. ఆ తేడా నా కంటికి కనపడింది గాని బుర్రకు ఎక్కలేదు.

"గటు నడువుండ్రి" అన్నాను చేయి చూపి.

డోలీలోంచి పెద్దాయన చేయి బయటికి వచ్చింది. నేల మీద ఆనించాడు. గొంతు పీలగా ఉంది గాని మాట స్పష్టంగా ఉంది.

"ఇటు గాదు సారు."

నేను వంగి, "అన్నా, నువ్వు పండుకో, నేను చూస్కుంట" అన్నాను. ఆయన్ని అన్నా అని పిలవడం అదే మొదటిసారి.

"ఇటు గాదు" అన్నాడు మళ్ళీ.

మక్తల్ సాయిబు నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. "సాబ్, పెద్దాయన చెప్తుండు గద. జర ఆయన మాట ఇందాం."

"ఆయనకు విషం తలకెక్కింది. నాకు తొవ్వ తెలుసు" అన్నాను.

"తెలిస్తే మంచిదే సాబ్. కానీ..."

"ఆఫీసర్ నువ్వా నేనా?"

అతను వెనక్కి తిరిగాడు. బొంగు భుజానికెత్తుకున్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్న మనిషికి చేతిలో అధికారం కూడా ఉంటే ఎట్లా ఉంటుందో ఆ రాత్రి ఆ బీడులో మీరు చూడాల్సింది. పెద్దాయన ఒంట్లో విషం ఉంది, నా డైరీలో లేదు. నా లెక్క అది.

నడిచాం. వాగు గంటలో రావాలి, రాలేదు. మబ్బు మూసుకుంది, తెరుచుకుంది. తెరుచుకున్నప్పుడల్లా ఎర్రచుక్క ఇంకా కుడికి జరిగి ఉండేది, మేమూ దాంతోపాటు కుడికి జరిగేవాళ్ళం. పెద్దాయన మళ్ళీ ఏమీ అనలేదు. ఒకసారి మాత్రం నీళ్ళడిగాడు. మూతి దగ్గర పెడితే మింగలేకపోయాడు.

నేల కిందికి వాలడం మొదలైంది. రాళ్ళు. గాలి చప్పుడు మారింది. టార్చి వేస్తే వెలుగు పోయి దేనిమీదా పడలేదు. ముందు ఏమీ లేదు. కృష్ణ లోయ అంచున నిలబడి ఉన్నాం. ఎక్కడో కింద నీళ్ళ మోత వినపడుతోంది. పెంట మాకు ఎడమ వైపు వెనకాల, గంటల నడక దూరంలో ఉండిపోయింది.

అచ్చంపేట అతను, ఆ రాత్రంతా పది మాటలు కూడా మాట్లాడనివాడు, బండ మీద కూలబడి ఏడ్చాడు. నేను ఏడవలేదు. "ఎనకకు మళ్ళుదాం" అన్నాను. ఇంకేం అనను?

పెద్దాయన ఎప్పుడు పోయాడో మాకు తెలియదు. తిరిగి వస్తుంటే ఒకచోట భుజం మార్చుకోవడానికి ఆగాం. సాయిబు ఆయన నుదుటి మీద చేయి పెట్టి, అలాగే ఉంచి, నోట్లో ఏదో చదువుకున్నాడు. నాకు అర్థమైంది. తూర్పు తెల్లబడుతోంది. అసలు తూర్పు ఎటో అప్పుడు తెలిసింది నాకు.

పొద్దెక్కాక పెంట చేరాం. వాగు చీలమండ లోతు కూడా లేదు. దాటుతుంటే నా బూట్లలోకి నీళ్ళు కూడా సరిగా రాలేదు. ఆయన భార్య గుడిసె ముందు నిలబడి ఉంది. ఎవరో ముందే చూసి చెప్పారేమో. డోలీ దించగానే మొగుడి మొహం చూసింది, నిన్న సాయంత్రం పాము కరిచిందని సాయిబు చెబితే విని, తరువాత నా మొహం చూసింది.

"ఎందుకింత ఆల్సమైంది సారు?"

అప్పుడే చెప్పి ఉండొచ్చు. నోరు తెరిచాను కూడా. రిటైర్ కావడానికి ఇంకా పది నెలలు ఉన్నాయి. విచారణ, సస్పెన్షన్, పేపర్‌లో ఫోటో, మోత్కూర్‌లో మా వాళ్ళు చదవడం, అన్నీ ఒక్క ఊపిరిలో కళ్ళముందు తిరిగాయి.

"వాగు పొంగిందక్కా. దాటనీయలేదు" అన్నాను.

ఆమె తల ఊపింది. "రాత్రంత మోసిండ్రు" అంది. ఆ మాట వినలేక పక్కకు పోయి నిలబడ్డాను.

అదే వాగును రిపోర్టులో కూడా పొంగించాను. బాగా రాశాను. పై ఆఫీసరు చదివి, సిబ్బంది ప్రాణాలకు తెగించి ప్రయత్నించారని ఒక వాక్యం తనే చేర్చాడు. వాచర్లిద్దరి సంతకాలు కావాల్సి వచ్చింది. అచ్చంపేట అతను తల వంచుకుని పెట్టేశాడు. సాయిబు కాగితం మొత్తం చదివాడు.

"వాగు పొంగిందా సాబ్?"

నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నాను.

"దస్కత్ పెడ్త. మీ కోసం గాదు, నాకు నౌకరి కావాలె. నాకు గూడ ఇద్దరు బిడ్డలున్నరు" అన్నాడు. పెట్టి, పెన్ను మూత బిగించి బల్ల మీద పెట్టాడు. ఆ తరువాత నాతో డ్యూటీ మాటలు తప్ప మాట్లాడలేదు. నేను రిటైరైన రోజు దండ వేయడానికి రాలేదు. రాకపోవడమే న్యాయం.

రిటైరయ్యాక ఒక పిల్లల పుస్తకం కొనుక్కుని ఆకాశం మళ్ళీ చదివాను. చుక్కలు రోజుకు నాలుగు నిమిషాలు ముందుగా వస్తాయట. పదిహేను రోజులకు గంట. మూడు నెలలకు ఆరు గంటలు. ఏప్రిల్ ఆఖరున రాత్రి పదకొండుకు ఆగ్నేయాన ఉన్న ఎర్రచుక్క జూలై ఆఖరున అదే పదకొండుకు నైరుతికి చేరిపోతుంది. బడిపిల్లలకు ఎక్కే లెక్క ఇది. ఆ పుస్తకంలో ఒక పేజీ కూడా పట్టలేదు. ఒక్క పేజీ, ఒక్క మాట, పెద్దాయన నోటితో చెప్పిన మాట. దాన్ని రాసుకోలేదు నేను. రాసుకోకపోవడం పొరపాటే అనుకుందాం. బీడులో ఆయన మళ్ళీ చెప్పాడు కదా, రెండుసార్లు. అది పొరపాటు కాదు. దానికి ఇంకేదో పేరుంది.

పిల్లలూ, మీరు అడిగిన చుక్కల సంగతి ఇంతే. మీ చేతిలో ఇప్పుడు మంచి ఫోన్లున్నాయి, అవి చచ్చిపోయే రాత్రులూ వస్తాయి. అప్పుడు చుక్కలు తెలిసి ఉండటం మంచిదే, నేర్చుకోండి. కానీ మీ పక్కన ఆ నేల మీద పుట్టిన మనిషి ఉండి, ఇటు కాదు అంటే ఆగండి. ఇది సలహా అని కూడా అనలేను. చేతులు కాలినవాడు ఆకులు చూపిస్తున్నాడనుకోండి.

ఆరేళ్ళు ఆగి మొన్న ఎండాకాలంలో ఆ పెంటకు పోయాను. ఎందుకింత ఆలస్యం అని ఆమె ఆ పొద్దున అడిగిన మాటే మీరూ నన్ను అడగొచ్చు. ధైర్యం రాలేదు. పెన్షన్ ఆగిపోతుందన్న భయం ఎప్పుడో పోయింది, ఈ భయం పోలేదు. బస్సు దిగి నడిచాను. ఆమె గుడిసె ముందు గోనెపట్టా మీద కుంకుడుకాయలు ఏరుతోంది. నన్ను గుర్తుపట్టింది. కూర్చోమని గోనెపట్టా కాస్త జరిపింది. నేను నిలబడే చెప్పాను, కూర్చుంటే చెప్పలేననిపించింది.

"అక్కా, ఆ రాత్రి వాగు పొంగలేదు."

ఆమె చేయి ఆగలేదు. "ఎరికే" అంది.

"ఎవరు చెప్పిండ్రు? సాయిబు చెప్పిండా?"

"ఎవరో చెప్పుడెందుకు? ఆయన్ను మన్ను చేసి, మర్నాడు పొద్దుగాల నేనే పోయిన. ఆకరికి ఏ తొవ్వల నడిసిండో సూద్దామని. మల్ల వాన పడలే గద, బురదల అన్నీ అచ్చుగుద్దినట్టున్నయ్." పుచ్చిన కాయ ఒకటి ఏరి పారేసింది. "బీడు దాక సక్కగొచ్చిండ్రు. ఆడ నీ బూట్లు నిలవడ్డయ్, సుట్టు తిరిగినయ్. డోలి దించిన జాగల ఆయన చెయ్యి ఆనింది. ఐదు వేళ్ళూ పడ్డయ్. ఆడికెళ్ళి కుడికి మళ్ళిండ్రు. నీ బూట్లే ముంగట. ఆ రాత్రి మీ అడుగులు వాగుకాడికి రానేలే సారు, తెల్లారినంక మళ్ళొచ్చినయే ఉన్నయ్."

కూర్చున్నాను.

"మరి... ఆ దినమే అందరి ముంగట అడగకపోతివి?"

"నువ్వు చెప్తవేమోనని సూసిన." ఆమె మొదటిసారి నా వైపు చూసింది. "దినంనాడు వస్తవేమో అనుకున్న. ఏడాది మాసికానికొస్తవేమో అనుకున్న. ఎనక సూసుడు ఇడిసిపెట్టిన."

అప్పుడు అన్నీ చెప్పాను. డైరీ, ఎర్రచుక్క, పదకొండు గంటలు, ఆయన రెండుసార్లు ఇటు కాదనడం, నేను వినకపోవడం. ఆమె కాయలు ఏరుతూనే వింది. ఆయన ఆ మాట అన్నాడని చెప్పినప్పుడు మాత్రం చేతిలోని కాయను పట్టా మీద పెట్టేసి కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయింది.

"నన్ను మాఫ్ చెయ్యక్కా" అన్నాను.

ఆమె తలెత్తింది. కోపం కూడా లేదు మొహంలో, ఉంటే బాగుండేది.

"గది నాతోని గాదు సారు" అంది.

ఎండ చెట్ల మీదికి పోయింది. ఆమె పట్టా నాలుగు చెరగులూ మూటగట్టి లోపల పెట్టి వచ్చింది. కర్ర చేతిలోకి తీసుకుంది.

"పొద్దువోతాంది. నడువు."

నేను తనతో ఎక్కడికో రావాలేమో అనుకున్నాను. తరువాత అర్థమైంది, నాకు తొవ్వ చూపుతోంది. రోడ్డు కనిపించేంత దూరంలోనే ఉంది, అక్కణ్ణుంచి వచ్చింది కూడా నేను ఒక్కణ్ణే. అయినా ఆమె ముందు నడిచింది. నేను వెనక నడిచాను. తారు కాళ్ళకు తగిలే చోట ఆమె ఆగి, నాకు దారి వదిలి పక్కకు నిలబడింది.

"ఇగ తప్పవు. పో."